సోఫాకు అటూ ఇటూ

“చెయ్యి తియ్యుండ్రి సార్. ఆ టేబుల్ నేను ముందు చూసిన!”

సువార్తమ్మ గొంతు దుకాణమంతా వినిపించింది. కొత్త సామాను దగ్గర నిలబడ్డ ఫెబా ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. పాత సామాను మధ్యలో, మోకాలెత్తున్న గుండ్రటి టేకు టేబులుకు ఒక పక్క తన తల్లి, ఇంకో పక్క తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన. ఇద్దరి చేతులూ దాని మీదే ఉన్నాయి.

“చూస్తే అయితదా అమ్మా? చెయ్యి ముందు నేను పెట్టిన,” అన్నాడాయన.

కొత్త సోఫాకు రెండు పక్కలా చిన్న టేబుళ్లు కావాలని, నువ్వు వచ్చి చూస్తేనే కొంటానని తల్లి పట్టుబట్టడంతో ఫెబా మంచిర్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కి గోదావరిఖని వచ్చింది. తీరా వస్తే ఇదీ సంగతి.

“ఏమైందమ్మా?”

“చూడు బిడ్డా! మనకు నచ్చినదాన్ని ఈయన గుంజుకుంటాండు.”

“గుంజుకుంటలేను. కొనుక్కుంటాన.”

దుకాణం సదయ్య పరుగున మధ్యలోకి వచ్చాడు. “మత్తయి సారూ, జర ఆగుండ్రి. సువార్త టీచరమ్మా, మీరు గూడ. సారు మందమర్రి బొగ్గు బాయిల పని చేసి రిటైరైండు, ఈ మధ్యనే మన దిక్కు వచ్చిండు. పాత టేకుది గిదొక్కటే ఉన్నది. కొత్తదాంట్ల అద్దంది గదొక్కటే మిగిలింది. రెండింటికీ జోడు లేదు. ఒకలు గిది, ఒకలు గది తీసుకోన్రి.”

“అమ్మా, నీ సోఫాకు అద్దందే బాగుంటది,” అంది ఫెబా. “నల్ల ఇనుప కాళ్లు, పైన అద్దం. చాయ్ ఒలికినా తుడుస్తే అయిపాయె.”

“చాయ్ సంగతి సరే. మన ఊరి బొగ్గు దుమ్ము పడితే పొద్దంత తుడుసుడే,” అన్నాడు మత్తయి.

“మిమ్మల్ని అడగలేదు అంకుల్.”

“గది నిజమే గని,” అంది సువార్తమ్మ. అని, కూతురి ముఖం చూసి సర్దుకుంది. “సరే, నా బిడ్డ చెప్పినట్టే. టేకుది ఆయనకే ఇయ్యి సదయ్యా. నాకు అద్దంది కట్టు.”

మత్తయి టేకు టేబులు మీద నుంచి చెయ్యి తీసేశాడు. అద్దం టేబులు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వంగి కాళ్లు చూసి, లేచి నిలబడ్డాడు.

“మంచిగనే ఉన్నది. గిది నాకు కావాలె.”

“ఇప్పుడే కదా దుమ్మన్నరు!” అంది ఫెబా.

“తుడుసుకుంట బిడ్డా. రిటైరైనోనికి ఇంకేం పనున్నది?”

సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది కోపమో నవ్వో ఫెబాకు అర్థం కాలేదు. తల్లి రెక్క పట్టుకుని ఆమెను బీరువాల చాటుకు తీసుకుపోయింది.

“అమ్మా, ఈ సారు, సదయ్య ఇద్దరు ఒక్కటే. మనం ఏది అంటే అది ఆయన అంటాండు. రేటు పెంచేతందుకు నాటకమాడ్తున్నరు.”

సువార్తమ్మ ముఖం కందిపోయింది. “ఛ! ఆయన గట్లాంటి మనిషి కాదు.”

“నీకెట్ల ఎరుక?”

“ముఖం చూస్తె తెలుస్తలేదా?” అంటూ ఆమె చెయ్యి విడిపించుకుని మళ్లీ యుద్ధానికి పోయింది.

ఫెబా అక్కడే నిలబడిపోయింది. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ గొంతు ఇంతగా లేవడం ఆమె వినలేదు. ఫోన్ చేస్తే ‘తిన్నవా, పిల్లలు తిన్నరా’ అని రెండు ముక్కలు, వెనకాల టీవీ చప్పుడు. అంతే. ఇప్పుడు చూస్తే నుదుటి మీద చెమట, కళ్లల్లో మెరుపు, చేతులు తిప్పుతూ మాటకు మాట. పోట్లాడటానికి కూడా అమ్మకు ఒక మనిషి కావాలని ఇన్నాళ్లూ తనకెందుకు తోచలేదో!

“అయినా ఒక్క టేబుల్‌తోటి మీరేం చేస్తరు సార్? సోఫాకు రెండు పక్కలుండయా?” అంటోంది సువార్తమ్మ.

 మత్తయి అద్దం మీద వేలితో నెమ్మదిగా గీశాడు. “ఉంటయమ్మా. గని మా ఇంట్ల కూసునేది ఒక్క పక్కనే. రెండో పక్క ఖాళీ.”

“మా ఇంట్ల గూడ అంతే,” అంది సువార్తమ్మ, చాలా చిన్నగా.

 ఆ మాటను తేలిక చేయాలని ఫెబా గట్టిగా నవ్వేసింది.

“అట్లయితె ఇద్దరు ఒక్క ఇంట్లనే ఉండుండ్రి! సోఫాకు ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది. మీ ఇద్దరి లొల్లి ఒడుస్తది!”

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకే తెలియలేదు. సదయ్య నోరు తెరిచాడు.  తల్లి కళ్ల నిండా నీళ్లు చూసేసరికి ఫెబా గబుక్కున మత్తయి వైపు తిరిగింది.

“తప్పుగ అనుకోకుండ్రి అంకుల్, నేనేదో నవ్వులాటకు...”

మత్తయి ఆమె వైపు చూడనే లేదు. చొక్కా కొసతో కళ్లు ఒత్తుకుని, సువార్తమ్మ వైపు తిరిగాడు.

“ఇగ చాలు సువార్తా. నీ బిడ్డ తన నోటితోటి అంటేనే పెండ్లి అంటివి. అన్నది గదా!”