ఒంటి తెడ్డు

మంగళవారం వస్తే నెల్డాకి ముద్ద దిగదు.

కొత్త జాబితా వచ్చేది ఆ రోజే. ఆ వారం దేశమంతా ఏ కంట్రీ పాటల ఆల్బమ్‌లు ఎక్కువగా విన్నారో పొద్దున్న పదింటికి రేడియోలో చెబుతారు. పదో స్థానం నుంచి ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ వస్తారు. హోటల్ వంటింట్లో నెల్డా పిండి కలుపుతూ కలుపుతూ ఆగిపోతుంది.

"మొదటి స్థానం, మళ్లీ హార్లన్ టీగ్. ఆల్బమ్ పేరు ఒంటి తెడ్డు."

"ఇరవై మూడో వారం," అంది ట్వైలా, ఖాళీ ప్లేట్లు తొట్టిలో పడేస్తూ. బయట వడ్డించేది ఆ పిల్లే. "పేరు వింటేనే నీ మొహం ఎలా పాలిపోయిందో చూడక్కా. ఇంత పిచ్చేంటి ఆయనంటే?"

నెల్డా నవ్వినట్టు మొహం పెట్టింది.

భార్య సరస్సులో మునిగిపోయాక హార్లన్ రాసుకున్న పదకొండు పాటలవి. ఒడ్డున ఎదురుచూసే మగాడు, ఖాళీగా తిరిగొచ్చిన పడవ. జనవరిలో వచ్చింది ఆల్బమ్. వింటూ లారీ డ్రైవర్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. తొమ్మిది వారాలు దాన్ని కదిపినవాడు లేడు.

పాపం, ఎంత మెత్తటి గొంతో అంటారు అందరూ. ఆ గొంతు ఎప్పుడు మెత్తబడుతుందో, మెత్తబడ్డాక ఏం జరుగుతుందో నెల్డాకి తెలుసు. ఆ ఇంట్లో ఆమె ఆరేళ్లు ఉంది. వండింది, వడ్డించింది, నోరు మూసుకుంది. ఆ తెల్లవారుజామున పడవలో ఏం జరిగిందో లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడు దాన్ని పాటలుగా పాడుతున్నాడు. రెండో మనిషి అతనుండే నాష్‌విల్‌కి నాలుగు గంటల దూరంలో, ఈ కొండల మధ్య, పేరు మార్చుకుని బిస్కెట్లు కాలుస్తోంది.

మార్చి చివర్లో టెక్సస్ అక్కచెల్లెళ్లు ముగ్గురి ఆల్బమ్ వచ్చి హార్లన్‌ని రెండో స్థానానికి దింపింది. ఆ మూడు వారాలూ నెల్డా కంటినిండా నిద్రపోయింది. ఈస్టర్‌కి హార్లన్ టీవీలో కూర్చుని ఏడ్చాడు. ఆ వెంటనే వచ్చిన మంగళవారానికి మళ్లీ పైకెక్కాడు.

మే నెలలో ఒకసారి తెగించి షెరీఫ్ ఆఫీసు దాకా వెళ్లింది. తలుపు పక్కన జీపులో ఒక పోలీసు కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. జీపు రేడియోలో ఒంటి తెడ్డు మోగుతోంది. అతను కూడా గొంతు కలిపి, కళ్లు మూసుకుని పాడుతున్నాడు.

"ఏమ్మా, ఏం కావాలి?"

"దారి తప్పానండీ," అని వెనక్కి తిరిగింది.

జూలై, ఆగస్టు రెండు నెలలూ ఓక్లహోమా కుర్రాడెవడో తాగుడు పాటలతో మొదటి స్థానంలో కూర్చున్నాడు. జనం మర్చిపోతున్నారనుకుంది నెల్డా. ధైర్యం చేసి గది కిటికీకి పూల పరదా కూడా కొనుక్కుంది. సెప్టెంబర్‌లో హార్లన్‌కి అవార్డులొచ్చాయి, మళ్లీ పైకెక్కాడు. నెల్డా ఆ పరదా తెరవడం మానేసింది.

ఇప్పుడు అక్టోబర్. శనివారం ఊళ్లో జాతర. పాడటానికి ఎవరొస్తున్నారో గోడల నిండా అంటించారు.

"సెలవు కావాలి స్టాంపర్ గారూ," అంది యజమానితో.

"జాతర రోజా? నన్ను చంపి పో తల్లీ, అంతకంటే తేలిక," అన్నాడు ముసలాయన. "ఆ రోజు నీ పీచ్ పాయి లేకపోతే జనం నన్ను ఉప్పేసి వేయిస్తారు."

శనివారం మిట్టమధ్యాహ్నం నల్ల బస్సు ఒకటి వచ్చి హోటల్ ముందు ఆగింది. సందడంతా ఒక్కసారి అణిగిపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి మెత్తటి గొంతు ఒకటి అడిగింది, "ఇక్కడ కూర్చోవచ్చా?"

నెల్డా గరిటె కింద పెట్టేసింది. పెరటి తలుపు వైపు చూసింది. బస్సులో వచ్చినవాళ్లు ఇద్దరు అక్కడే నిలబడి సిగరెట్లు కాలుస్తున్నారు. మాంసం పెట్టే చలిగదిలోకి దూరి తలుపేసుకుంది. వేలాడే పంది తొడల మధ్య, పిడికిలి నోట్లో కుక్కుకుని నిలబడింది.

ఎంతసేపు గడిచిందో తెలీదు. తలుపు తెరుచుకుంది.

ట్వైలా.

"నీకు మతి గానీ పోయిందా? ఆయనొస్తే ఇక్కడ దాక్కుంటావా? ఇంత సిగ్గేంటక్కా?"

"ఉన్నాడా?"

"వెళ్లిపోయాడు. ఎంత మంచివాడనుకున్నావ్. స్టాంపర్ గారి మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. నీ పాయి ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు కదల్లేదు తెలుసా. ఎవరు చేశారని అడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"నెల్డా అని. నవ్వాడు. మంచి పేరు అన్నాడు."

నెల్డా గోడకి ఆనుకుంది. "వంటింట్లోకి వస్తానన్నాడా?"

"లేదు. పిలవద్దు, పాపం పని చేసుకోనీ అన్నాడు. ఇదిగో, నీకిమ్మన్నాడు. సంతకం పెట్టి ఉంటాడు. నేను విప్పి చూడలేదు, ఒట్టు."

నాలుగు మడతలు పెట్టిన కాగితం రుమాలు. బయట బస్సు కదిలిన చప్పుడైంది. ట్వైలా పరుగెత్తింది, చెయ్యి ఊపడానికి.

నెల్డా ఒక్కో మడతా విప్పింది.

"చచ్చిపోయినదానివి, చచ్చిపోయినట్టే ఉండిపో బంగారం, వచ్చే వసంతంలో నీ మీద ఇంకో ఆల్బమ్ తెస్తున్నాను" అని ఉంది అందులో.