తలుపుకి కట్టిన మోకు

“మోకు విప్పుతారా, కోసెయ్యమంటారా?” లాకు గట్టు మీద నుంచి సూపర్‌వైజరు అరిచాడు.

“కొయ్యి. మళ్ళీ కట్టుకుంటా,” అంది కింద పడవలోంచి టైలరమ్మ.

లాకంటే పడవలకి లిఫ్టులాంటిది. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూసి లోపలి నీళ్ళు కిందికి వదిలితే, దిగువ కాలువ మట్టానికి దిగుతుంది. అప్పుడు ముందు తలుపులు తీస్తారు. టైలరమ్మ పడవ దిగడమైతే దిగింది గానీ బయటికి పోలేదు. నాచు పట్టిన గోడల మధ్య నిలబడి ఉంది. పడవలోంచి ముందు తలుపుని నెట్టి తెరిచే దూలానికి లావుపాటి మోకు బిగించి కట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చుందావిడ. ఎప్పుడూ టకటకలాడే కుట్టుమిషను దుప్పటిలో చుట్టేసి ఉంది. పరుపూ గిన్నెలూ మూటలై పడవ కప్పెక్కాయి.

ఆ మూటలు చూశాడు సూపర్‌వైజరు. ఈవిడ పూటతో లేచే రకం కాదు, అన్నీ సర్దుకునే కూర్చుంది.

తలుపుకి అవతల కాలువ బోర్డు ఛైర్మన్‌గారి తెల్ల లాంచీ హారను మీద హారను కొడుతోంది. కాలువ గట్లకి కొత్తగా వేయించిన రంగులకి ఆయన రిబ్బను కత్తిరించాలి. ఎగువన పడవలన్నీ ఆగిపోయాయి. వాటిలోనే కాపురాలుండే జనమంతా గట్టెక్కి తమాషా చూస్తున్నారు.

“మీ ధర్నాకి ఇవాళే దొరికిందామ్మా?”

టైలరమ్మ పైనున్న జనాన్ని చూసింది. తలుపు వైపు చూసింది.

“ఆఁ. ధర్నాయే,” అంది.

“మా వదినంటే ఏమనుకున్నారు!” గట్టు మీద మరిది ఈల వేశాడు. దాంతో జనం చప్పట్లు అందుకున్నారు.

“ఇంతకీ ఏం కావాలి మీకు?”

“తెలీనట్టు అడుగుతావేం! లాకు బాగుచెయ్యడానికి నిధుల్లేవు, నెలాఖరుకి మూసేస్తాం, కాలువలో కాపురాలు ఎత్తెయ్యండి అన్నది మీరే కదా? గట్లకి రంగులెయ్యడానికి నిధులు ఎక్కడ ఊడిపడ్డాయి?”

సూపర్‌వైజరు ఖాళీ చేతులు చూపించాడు. “పైవాళ్ళ ఆర్డరమ్మా. నా చేతిలో ఏముంది?”

“ఫోనుంది. చెయ్యి.”

అంతలో ఆవిడ ఫోనే మోగింది. పేరు చూసి కట్ చేసింది. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేసింది.

“ఎవరో పాపం...”

“నా ఫోను గొడవ నీకెందుకు? నీది తియ్యి.”

“పోలీసుల్ని పిలుస్తానమ్మా.”

“పిలువు. ఆ ఇనప నిచ్చెన మీద చూసుకుని దిగమను. మూడో మెట్టు విరిగి రెండేళ్ళయింది. దానికీ నిధుల్లేవట.”

జనం గొల్లుమన్నారు. సూపర్‌వైజరుకి ఒళ్ళు మండింది. కానీ మెట్టు విరిగిన మాట నిజమే, ఏం చేస్తాడు? ఛైర్మన్‌కి ఫోను చేశాడు.

“స్పీకరు పెట్టు,” అంది టైలరమ్మ.

పెట్టాడు.

“ఆవిడెవరయ్యా నన్ను ఆపడానికి? లాకుకి చిల్లిగవ్వ ఇచ్చేది లేదు!” అన్నాడు ఛైర్మన్.

గట్టు మీద వంద గొంతులు ఒక్కసారి లేచాయి. ఆ హోరు తలుపు దాటి లాంచీలోని అతిథుల దాకా వెళ్ళింది. ఫొటోలు తీసేవాళ్ళు కెమెరాలు అటు తిప్పారు కాబోలు, ఛైర్మన్ గొంతు చల్లబడింది.

“సరే. లాకు బాగుచేయిస్తాం. మూసెయ్యం. ఎవరూ ఖాళీ చెయ్యక్కర్లేదు. ముందు ఆ తలుపు తియ్యండయ్యా బాబూ!”

“మళ్ళీ చెప్పమను. మా మరిది ఫోను రికార్డింగులో సరిగ్గా పడలేదు,” అంది టైలరమ్మ.

ఛైర్మన్ మళ్ళీ చెప్పాడు. గట్టు మీద కేకలు మిన్నంటాయి. దాచడం దేనికి, సూపర్‌వైజరుకీ లోలోపల సంతోషంగానే ఉంది. అడిగి అడిగి తను ఎప్పుడో వదిలేసిన నిధులవి.

టైలరమ్మ మోకు విప్పేసింది. “ఇంక తియ్యి.”

సూపర్‌వైజరు దూలానికి వీపు ఆనించి నెట్టాడు. కదల్లేదు. మరిదీ మరో నలుగురూ వచ్చి పట్టారు. ఊహూఁ. సూపర్‌వైజరు విరిగిన మెట్టు తప్పించుకుంటూ నిచ్చెన దిగి పడవలోకి దూకాడు.

“ఇంకా ఏం కట్టారమ్మా తలుపుకి?”

“ఏమీ కట్టలేదు. తెల్లారుతూనే ఇరుక్కుపోయిందది,” ఆవిడ గొంతు తగ్గించింది. “ఇంజను వెనక్కి నడిపి లాగితే వస్తుందేమోనని మోకు కట్టా. రాలేదు. మీ ఆఫీసుకి ఫోను చేస్తే నిధుల్లేవన్నారు.”

సూపర్‌వైజరు తెల్లమొహం వేశాడు. “మరి ధర్నా?”

“ఆ మాట అన్నది నువ్వేగా. నాకూ బాగుందనిపించింది.”

అతనికి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. పైన జనం తలుపు సంగతే మరిచిపోయి ఆవిడకి జేజేలు కొడుతున్నారు. మూటల మధ్య ఫోను మళ్ళీ మోగింది. టైలరమ్మ ఈసారి ఎత్తి, మరిదికి వినబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఆఁ, నేనేనండీ, పొద్దున్నే పడవ తెచ్చి మీకు అమ్మేస్తానన్న టైలరమ్మని. వేరే పడవ చూసుకోండి, నేను ఈ కాలువ వదిలి రావడం లేదు.”