బగ్గీ కంపెనీ నోటు

“ఈ ఆరు లక్షలు వచ్చేలా లేవు సార్. నష్టంలో రాసేద్దాం,” అంది ఆడిటర్ అనూహ్య, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

ఉస్మాన్‌గంజ్‌లో టెంట్ హౌస్ నడిపే వామన్‌రావుకు చాయ్ గొంతులో అడ్డం పడింది. టెంట్ హౌస్‌కు పిల్ల కంపెనీ ఒకటి ఉండేది. పెళ్లి బారాత్‌లకు గుర్రబ్బగ్గీ కిరాయికివ్వడం దాని పని. రెండేళ్ల కింద దాన్ని బహదూర్‌పురా సీమోనుకు అమ్మేశాడు. రొక్కం లేదంటే ప్రామిసరీ నోటు రాయించుకున్నాడు. ఆ నోటే లెక్కల్లో ఆరు లక్షల ఆస్తిగా దర్జాగా కూర్చుని ఉంది.

“నోటు బీరువల భద్రంగున్నది గద మేడమ్! యాడికి పోతది?”

“నోటు ఎక్కడికీ పోదు సార్, పైసలే రావట్లేదు. ఒక్క కిస్తు కూడా కట్టలేదు ఆయన. ఎంత వస్తుందో అంచనా వేసి, రానిదంతా ఈ ఏడాదే నష్టం కింద చూపాలి. రూల్ అది.”

నష్టం చూపిస్తే బ్యాంకు లోన్ ఇవ్వదు. లోన్ లేకపోతే పెళ్లిళ్ల సీజన్‌కు కొత్త సామాను రాదు. అప్పుడు బేరాలన్నీ పక్క సందులో టెంట్ హౌస్ పెట్టిన బసవయ్యకు పోతాయి. వామన్‌రావుకు అసలు కడుపుమంట ఈ చివరిదే.

“సీమోను మస్తు సంపాయించిండు మేడమ్! రేపు మీరే వచ్చి సూడుండ్రి. నోటు గూడ తెస్త.”

ఆమె మెట్లు దిగిందో లేదో ఫోన్ అందుకున్నాడు.

“సీమోనూ, రేపు ఒక్క పూట నువ్వు నవాబువి. నీ గుర్రం షెడ్డు నేను సింగారిస్త. నువ్వు నోరిప్పకు, గంతే.”

“నాకేంది అన్నా ఫాయిదా?”

“ఆడిటర్ పోంగనే బిర్యానీ తినిపిస్త.”

“నీ మాటే మాట అన్నా,” అన్నాడు సీమోను ఎంతో వినయంగా.

మర్నాడు పొద్దున్నే వామన్‌రావు వ్యాన్ రెండు ట్రిప్పులు కొట్టింది. షెడ్డులో గడ్డి మీద ఎర్ర తివాచీ పడింది. రాజా సోఫాలు, మఖ్మల్ కుర్చీలు, షాండ్లియర్లు, జనరేటర్ దిగాయి. సీమోను ఒంటి మీదికి షేర్వానీ వచ్చింది. వీటన్నిటి మధ్య గుర్రం బిత్తరపోయి నిలబడింది. దానికో అలవాటుంది. బ్యాండు మోగితే చాలు, పెళ్లికొడుకుతో సహా నడిరోడ్డు మీద చతికిలబడుతుంది. అమ్మేటప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పలేదు వామన్‌రావు.

అనూహ్య వచ్చి నోరెళ్లబెట్టింది. కూర్చోబోతూ ఎందుకో అనుమానమొచ్చి కుర్చీని తిరగేసింది. అడుగున ఎర్ర పెయింటుతో ‘వా.రా.’ అని ఉంది. సామాను తారుమారు కాకుండా టెంట్ హౌస్ వాళ్లు పేరు వేసుకోవడం మామూలే. హడావిడిలో ఆ సంగతే మరిచిపోయాడు మన పెద్దమనిషి.

“సార్, ఇవి మీవి కదా?”

“నావే... అంటే, ఒకప్పుడు! సీమోను నా దగ్గర నగదిచ్చి కొన్నడు.”

“అన్నీనా?”

“అన్నీ!”

“ఎంత చేస్తాయి?”

వామన్‌రావుకు ఊపొచ్చింది. “ఆరు లక్షలకు రూపాయి తక్కువుండది మేడమ్!”

ఆమె అదంతా రాసుకుని, కింద ఆయనతో సంతకం పెట్టించుకుంది. గండం గడిచిందనుకుని వామన్‌రావు మీసం దువ్వుకున్నాడు.

“ఇంత ఉండి కిస్తులు ఎందుకు కట్టట్లేదు సీమోను గారూ?”

వామన్‌రావు కనుసైగ చేశాడు. సీమోను అటు చూడనే లేదు.

“తప్పయింది మేడమ్. బాజా మోగంగనే కూసునే గుర్రాన్ని లేపుడే సరిపోయింది రెండేండ్ల సంది. ఇగ ఇయ్యాల మొత్తం కట్టేస్త.”

“మొత్తమా?”

“ఆరు లక్షల సామాను అని అన్ననే చెప్పిండు గద! గిదంత అన్నకే ఇచ్చేస్తున్న. తీస్కపోనీకి అన్న బండి గూడ గేటు కాడనే ఉన్నది.”

వామన్‌రావు నోరు తెరిచాడు. సామాను తనదంటే ఇందాకటి సంతకం అబద్ధం, నోటు నష్టం, లోన్ గల్లంతు. తెరిచిన నోరు మెల్లగా మూశాడు.

అనూహ్య నోటు మీద ‘పూర్తిగా ముట్టింది’ అని ఆయన చేతే రాయించి సీమోనుకు ఇచ్చింది. సీమోను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, “బిర్యానీ యాదున్నదా అన్నా?” అన్నాడు.

ఆమె వామన్‌రావు చేయి పట్టుకుని ఊపింది.

“కంగ్రాట్స్ సార్! ఒక్క రూపాయి నష్టం లేకుండా మొత్తం వసూలైంది!”