పరదేశి కుప్ప

చేతిలో పెట్టిన రాయిని కోటేశ్వరమ్మ కింద పడేసింది.

“చచ్చినవాడి మీద రాయెందుకు వెయ్యాలండీ? నా వల్ల కాదు.”

బోనాలనాడు, ఊరంతా చూస్తుండగా అందామాట. పాండురంగానికి తల కొట్టేసినట్టయింది.

ఎల్బీనగర్ వెనకాల పాత ఊరి పొలిమేరలో ఉందా రాళ్లగుట్ట. పరదేశి కుప్ప అంటారు. రాజుల కాలంలో ఎవడో బయటివాడు ఊరిని శత్రువులకు పట్టించి పారిపోతుంటే చంపి పూడ్చారట. ఏటా బోనాలయ్యాక దానిమీద తలా ఒక రాయి వెయ్యాలి. మొదటి రాయి పాండురంగం ఇంటిది. ఆ గొప్ప ఆయనకు చాలా ఉంది.

“మీ బయటోళ్లంత గిట్లనే! దసరా లోపల మల్గి ఖాళీ చెయ్యి” అన్నాడు.

కోస్తా నుంచి వచ్చిన ఆవిడ కర్రీ పాయింటు నడుపుతున్నది ఆయన అద్దెకిచ్చిన ఆ కొట్లోనే.

“తెలంగాణ అడుగుడు వేరే, వండుకొని బతికేటామెను ఎల్లగొట్టుడు వేరే” అని భార్య మణెమ్మ మొత్తుకుంది. వింటేగా!

ఆ నెలలోనే రోడ్డు కోసం కుప్ప తవ్వారు. అడుగున అస్థిపంజరం. పాత ఎముకల్లోంచి డీఎన్‌ఏ తీసే ఇంద్రాణి వచ్చి, పోల్చి చూడటానికి ఊళ్లో పాత కుటుంబాలవాళ్ల ఉమ్మి అడిగింది.

“నాది తీస్కో మేడం. వాడు మావోడు కాదని రాసియ్యి” అన్నాడు పాండురంగం.

ఫలితం వచ్చేసరికి సకల జనుల సమ్మె నడుస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు బస్సుల్లేవు. కోటేశ్వరమ్మ గిన్నెలన్నీ ట్రాలీ ఆటోలో ఎక్కించింది.

“వస్తానండీ మణెమ్మగారూ.”

మిగిలిపోయిన గరిటె తెచ్చి ఆటోలో పెట్టింది మణెమ్మ.

అప్పుడే కారు దిగింది ఇంద్రాణి.

“పళ్లు పరీక్షించామండీ. ఆయన పుట్టి పెరిగింది ఇక్కడ కాదు, సముద్రం దగ్గర.”

“చూసిన్రా! పరదేశే! నేను జెప్పలే?”

“కానీ దెబ్బలన్నీ ఎదురురొమ్మునే ఉన్నాయి. పారిపోతూ చచ్చిన మనిషి కాదు. ఎదురు నిలబడి పోరాడాడు.”

“గా కథ మాకెందుకు మేడం?”

ఆటో మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

“డీఎన్‌ఏ కూడా ఒకరితో కలిసింది” అంది ఇంద్రాణి.

“ఎవలతోని?”



“మీతోనే. తండ్రి నుంచి కొడుక్కి దిగే వరస.”

పాండురంగం గడప మీద కూలబడ్డాడు.

“అంటే... మేము?”

“ఆయన వంశమే. ఇన్ని వందల ఏళ్లుగా మొదటి రాయి వేస్తున్నది ఆ పరదేశి బిడ్డలేనండీ.”