ఇరవైకి ఇరవై

బెంచీ మీద వరుసగా కూర్చున్నవాళ్లను చూసి మొగిలి మూతి విరిచాడు. అందరూ చెవుల పరీక్షకు వచ్చినవాళ్లే. చంద్రపూర్ శివార్లలోని బొగ్గుగనిలో పద్దెనిమిదేళ్లుగా డంపర్ నడుపుతున్నాడతను. ఈ పరీక్ష తప్పితే డంపర్ ఎక్కనివ్వరు.

పక్కనున్న ఇస్తారి కూడా డ్రైవరే. పొద్దునే తప్పాడు. రేపటి నుంచి అతనికి గేటు దగ్గర పని.

"వినపడ్తలేదని నువ్వే చెప్పినవట! సిగ్గుండాలె," అన్నాడు మొగిలి. "పో, గేటుకాడ కూసోని ఈగలు కొట్టుకో."

"మొన్న బండి ఎనకకు తీస్తుంటే సమ్మయ్య ఎంత ఒర్లినా నాకు ఇనపడలే. జరంతల టైరు కిందికి పోయేటోడు," అన్నాడు ఇస్తారి. "నువ్వు గూడ జర సూపిచ్చుకో అన్నా. డ్యూటీల ఇయర్‌ఫోను, దిగితే ఫోను. పదిహేనేండ్ల సంది గా కుడిచెవు ఖాళీ ఉన్నది ఎప్పుడు?"

"ఏందీ?"

ఇస్తారి మళ్లీ చెప్పాడు, గట్టిగా.

"నాయి పాముచెవులు. నీ అసొంటోని ముచ్చట నాకు చెప్పకు."

ఇంతలో లోపల్నుంచి పిలుపు వచ్చింది. పరీక్ష చేసేది ప్రతిభ అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. మొగిలి ఆమెను ఎగాదిగా చూశాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసును ఈ పోరి తూకం వేస్తుందా!

"సౌండ్ వస్తే బటన్ నొక్కుండ్రి, కాకా," అంటూ ఆమె హెడ్‌ఫోన్ తగిలించి, అద్దం అవతలికి వెళ్లి యంత్రం ముందు కూర్చుంది.

మొగిలి కాలు మీద కాలేసుకుని అద్దంలోంచి ఆమెనే చూస్తూ బటన్ నొక్కాడు. ఎడమచెవి అయింది. కుడిచెవి అయింది. ప్రతిభ కాగితం వంక చూసి, అతని వంక చూసి, తలుపు తీసింది.

"కుడిచెవు ఇంకొక్కసారి సూద్దాం," అంది, చేత్తో చెవిని చూపిస్తూ.

"పని రానోళ్లను పెడితే గిట్లనే ఉంటది," అని విసుక్కున్నాడు మొగిలి.

ఆమె అద్దం అవతలికి వెళ్లి యంత్రం మీదికి వంగి ఏదో సర్దింది. మొగిలి మళ్లీ ఆమెనే చూస్తూ నొక్కాడు. ఈసారి ఒక్కటీ వదల్లేదు.

"ఎన్ని?" అన్నాడు బయటికొస్తూ.

"ఇరవైకి ఇరవై, కాకా."

వరండాలో అందరికీ వినపడేలా అరిచాడు మొగిలి. "సూసినవా ఇస్తారీ? ఇరవైకి ఇరవై! చెవులంటే గివి!"

ఇస్తారి తలదించుకున్నాడు.

లోపల ప్రతిభ రిపోర్టు రాసి ముద్ర వేసింది: ఆ ఇరవైసార్లూ ఆమె మోచేయి మాత్రమే కదిలింది, హెడ్‌ఫోన్ వైరు యంత్రం నుంచి ఊడదీసి ఉంది.