నల్లగీత అల్మరా

ఎరుపునీ నలుపునీ విడదీసి చూడడంలో జువాంగ్ తాత కన్నుకి సాటివచ్చే కన్ను తైనాన్ ఊరు మొత్తంలో లేదు. కావాలంటే పందెం.

అక్కడివాళ్ల నమ్మకం ప్రకారం, ఇంట్లోకి వచ్చే సామాను పొడవు కొలత టేపు మీద ఎర్రగీత దగ్గర ఆగితే శుభం. నల్లగీత దగ్గర ఆగితే అరిష్టం. అలాంటి టేపులు ప్రతి ఇనపసామాను కొట్లోనూ దొరుకుతాయి. తగువు వచ్చిందంటే మాత్రం వీధి వీధంతా తాత టేపు దగ్గరికే. అది నలభై ఏళ్ల నాటిది. మసిపట్టి, మనలాంటివాళ్ల కళ్లకు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే బూడిద. తాత మాత్రం దాన్ని చూసి పంచాంగంలా వినిపించేస్తాడు.

ఆ ఆదివారం తగువు యీజెన్‌కీ ఆమె అత్తగారికీ.

కొత్త కాపురానికని యీజెన్ ఒక పొట్టి అల్మరా చూసుకుంది. పిడుల్లేని సొరుగులు. సన్నటి కాళ్లు. వాటి సందున నేలంతా కనబడి ఇరుకు గది కూడా విశాలంగా అనిపిస్తుంది. ధర మూడోవంతే. పొడవు నల్లగీత మీద పడిందని కొట్టువాడే ఒప్పుకున్నాడు. ఏడాదిగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదట.

అత్తగారి బేరం అంతకంటే చవక. వాళ్లక్క ఊరికే ఇస్తానన్న చేవకర్ర సోఫా. వీపుకి రెండు డ్రాగన్లు. ఎనిమిది మంది పడితే గానీ కదలదు.

"అది వస్తే గదిలో డ్రాగన్లే కూర్చుంటాయి అత్తయ్యా. మేం నిలబడాలి."

"నిలబడితే కాళ్లు అరగవులే. నల్లగీత సామాను తెస్తే మావాడి ఉద్యోగం ఊడుతుంది. అయినా అవేం కాళ్లే, కొంగకాళ్లు!"

గదిలో పట్టేది ఒక్కటే; తాత ఏది ఎరుపంటే అదే ఇంటికి. ఇద్దరూ ఒప్పుకున్నారు.

తాత పద్ధతి ఒకటుంది. టేపు రెండో కొస తగువుపడ్డవాళ్లే పట్టుకోవాలి. ఆయనకు ముఖం కనబడేలా ఎదురుగా నిలబడాలి.

ముందు అక్కగారింట్లో సోఫా. కొస అత్తగారు పట్టుకుంది.

"దీని మీద కూర్చుని టీ తాగితే బాగుంటుందా అమ్మాయ్?" అడిగాడు తాత.

"ఎందుకుండదు, బాగానే ఉంటుంది," అంది ఆవిడ, నడుం పట్టుకుని.

"నలుపు. కాటుక నలుపు."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మరీ వంగి చూసింది. మసి తప్ప ఏమీ కనబడలేదు.

తరవాత కొట్లో అల్మరా. కొస యీజెన్ పట్టుకుంది. ఇదీ నలుపంటే ఈ ఏడాదికి బట్టలు అట్టపెట్టెల్లోనే.

"సొరుగుల్లో ఏం పెడతావే మనవరాలా?"

"పైదాంట్లో అత్తయ్య టీ సామాను తాతా. వచ్చినప్పుడు కూర్చున్నచోటి నుంచే అందుకుంటారు."

అత్తగారు చటుక్కున కోడలి వైపు చూసింది. తాత టేపు మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"ఎరుపు! మందారం!"

"అదేంటి, కొట్టువాడు నలుపన్నాడుగా?" అంది అత్తగారు.

"తింగరి వెధవ, బయటి అంచు నుంచి కొలిచి ఉంటాడు. లోపలి అంచు నుంచి కొలవాలని వాడికెవడు చెప్పాడు?"

తాత చూసిన చూపుకి కొట్టువాడు గబగబా బిల్లు పుస్తకం తెరిచాడు.

సాయంత్రానికల్లా అల్మరా ఇంట్లో ఉంది. అత్తగారే తడిగుడ్డ పెట్టి తుడిచింది. "కొంగకాళ్లయితేనేం, కింద చీపురు హాయిగా తిరుగుతోందే," అంది.

ఇదంతా జరిగినట్టే చెప్పాను, నేను కల్పించింది ఆ మొదటి మాట ఒక్కటే: ఎరుపుకీ నలుపుకీ తేడా జువాంగ్ తాత కళ్లకు పుట్టిన నాటి నుంచీ తెలియదు.