డ్రైవ్‌లో చప్పుడు

మిత్సుయోను చంపింది కురిహర. రెండేళ్లుగా తోకుజో ఈ మాట రేవులో అందరికీ చెబుతూనే ఉన్నాడు. మెకానిక్ కురిహర సరిగా బాగుచెయ్యని పడవ డ్రైవ్, అంటే నీళ్లలో రెక్కల్ని తిప్పే భాగం, చప్పుడు చేసింది. అదేమిటో చూడబోయి, నీటి అడుగున గుల్లలు ఏరుతున్న భార్య మిత్సుయో నడుముకి కట్టిన తాడు మీద నుంచి తోకుజో కళ్లు తిప్పాడు. అంతే.

ఇవాళ కురిహర తనే పనిముట్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. వెంట తమనో పెద్దమ్మ. ఆ రేవులో మునకలేసే ఆడవాళ్లందరికీ ఆవిడే పెద్ద.

"నీ పుణ్యమా అని నా షెడ్డుకి ఒక్క పడవ రావట్లేదన్నా. పెద్దమ్మ ఎదురుగానే చూస్తాను. తప్పు నాదైతే రేపటినుంచి పానా పట్టుకోను. కాకపోతే నువ్వు నోరు కట్టేసుకోవాలి."

"చూడు," అన్నాడు తోకుజో. "ఆ రోజు గట్టెక్కించిన పడవ ఇది. తాడు కోసి తీశాక దాన్ని ఎవడూ ముట్టుకోలేదు."

తమనో నడుముకున్న, రాళ్ల మీంచి గుల్లలు ఊడదీసే ఇనుప ఉలి తీసి పడవ అంచు మీద మూడుసార్లు కొట్టింది. మునకేసే ముందు ఆ ఆడవాళ్లందరూ తమ ఉలితో అలాగే కొడతారు, క్షేమంగా పైకి రావాలని.

"కొట్టకు పెద్దమ్మా," అన్నాడు తోకుజో.

"ఏరా, శుభమా అని పని మొదలెడుతుంటే?"

"కొట్టొద్దన్నానా."

కురిహర పడవ వెనక వేలాడే డ్రైవ్‌కి నీళ్ల గొట్టం తగిలించి, కొత్త బ్యాటరీతో ఇంజను నడిపించాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగు గూటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు.

"చుక్కాని చక్రం ఎడమకి తిప్పన్నా. ఇప్పుడు కుడికి."

బేరింగు పోతే తిప్పినప్పుడు గురగురమంటుంది. జాయింటు అరిగితే టకటకమంటుంది. రెండూ లేవు. 

"నువ్వు విన్నది ఎలాంటి చప్పుడు?"

"టక్, టక్ మని. ఇనుప దెబ్బలా."

"అప్పుడు గేరులో ఉందా?"

"లేదు. అంతకుముందు పోటు లాగుతుంటే ఒక్క క్షణం వేసి తీశాను. ఆమె అడుగున ఉండగా గేరులో ఉంచుతానా?"

"ఆ ఒక్క క్షణంలోనే తాడు రెక్కలకి చుట్టుకుంది," అంది తమనో.

"చుట్టుకోవడం చూసుండేవాణ్ణి. వీడి చప్పుడు నన్ను చూడనివ్వలేదు. ఇంజను పెట్టె తెరిచి అందులో తల పెట్టాను."

కురిహర ఇంజను ఆపి, డ్రైవ్ నూనె పళ్లెంలోకి వదిలాడు. వేళ్ల మధ్య రుద్ది తమనోకి చూపించాడు. ఒక్క లోహపు పొడి రేణువు లేదు. తర్వాత డ్రైవ్ కింది భాగం గుడ్డతో తుడిచాడు. ఒక పక్క రంగు లేచిపోయి చిన్న చిన్న సొట్టలున్నాయి, అన్నీ ఒక్కచోటే.

"రాళ్లకి కొట్టావా అన్నా?"

"నా పడవ ఎన్నడూ రాయి తాకలేదు."

తమనో వంగి ఆ సొట్టల మీద వేలు రాసింది. తన ఉలి మొన ఒక సొట్టలో ఆనించి చూసింది.

"గేర్లు బాగున్నాయి. బేరింగు బాగుంది. జాయింటూ అంతే. ఇందులో టక్ మనేది ఏదీ లేదన్నా," అన్నాడు కురిహర. "చివరగా ఒక్క మాట. డ్రైవ్ చప్పుడైతే ఇంజను ఆపగానే ఆగిపోవాలి. ఆ రోజు నువ్వు ఇంజను ఆపి విన్నావా?"

తోకుజో పడవ దిగాడు. టార్పాలిన్ లాగి డ్రైవ్ మీద కప్పాడు. అంచులు తాడుతో బిగించి కట్టాడు.

"ఆపావా లేదా? అది చెప్పరా," అంది తమనో.

"నీ షెడ్డు నడుపుకో కురిహరా. నీ పేరు ఇక ఎత్తను. ఆ రోజు గురించి నన్ను ఎవరూ ఏమీ అడగొద్దు. నేను పోయేదాకా ఆ మాట మాట్లాడను."

వెనక్కి చూడకుండా గట్టెక్కి ఇంటి దారి పట్టాడు.

ఆ రోజు అతను ఇంజను ఆపాక ఆ టక్ టక్ చప్పుడు నీళ్లలోంచి మరింత గట్టిగా వినిపించింది.